5 ఏళ్లు ఫ్రాన్స్‌వి, 144 ఏళ్లు బ్రిటన్‌వి: పట్టుబడిన ఒక యుద్ధనౌక కేసు

విశాఖలో ఓడల సర్వే పని చేసేవాణ్ని. పాత ఓడ ఏది డాక్‌లోకి వచ్చినా మా దగ్గర తేలాల్సిన లెక్క ఒక్కటే: ఇది ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది, అందుకు ఎంతవుతుంది? కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఈ లెక్క నేర్పడానికి నేను ఎప్పుడూ ఒక చెక్క ఓడ కేసు తీసుకుంటాను. 1800లో ఫ్రాన్స్‌లో ‘డ్యుగే-త్రువాఁ’గా పుట్టి, 1805లో బ్రిటిష్ వాళ్లకి చిక్కి, ‘ఇంప్లాకబుల్’ పేరుతో 1949 దాకా నీళ్లమీద ఉన్న 74 ఫిరంగుల యుద్ధనౌక అది. ఇప్పటి స్టీలు ఓడ పాతికేళ్లు దాటితే స్క్రాప్ గురించి మాట్లాడుకుంటాం. ఇది 149 ఏళ్లు తేలింది.

దీని గురించి రాసేవాళ్లు ఎక్కువగా యుద్ధాల దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో ఈ ఓడ యుద్ధం చేసిన కాలం చాలా తక్కువ. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరికి చవకగా పనికొచ్చింది కాబట్టే బతికింది. ఆ చవకతనమే చివరికి దాని ప్రాణం తీసింది కూడా.

అచ్చుపోసిన డిజైన్

18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ నౌకాదళం ఒక తెలివైన పని చేసింది. ఒక్కో రేవులో ఒక్కో మేస్త్రి తనకు తోచినట్టు ఓడ కట్టే పద్ధతి ఆపేసి, జాక్-నోయెల్ సానే అనే ఇంజనీరు గీసిన ఒకే నమూనా మీద 74 ఫిరంగుల ఓడలు కట్టించింది. టెమెరేర్ తరగతి అంటారు వాటిని. దాదాపు 56 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, సుమారు 700 మంది మనుషులు. ఆ నమూనా మీద వందకు పైగా ఓడలకు ఆర్డర్లు పడ్డాయి. చెక్క ఓడల కాలంలో పెద్ద యుద్ధనౌకల్లో అంత పెద్ద సిరీస్ ఇంకోటి లేదు. ఆ సిరీస్‌లోదే డ్యుగే-త్రువాఁ. రోష్‌ఫోర్ రేవులో కట్టి 1800 మార్చిలో నీళ్లలోకి దించారు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అదే అచ్చులో పుట్టిన ఇంకో ఓడ ‘మరెంగో’. ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా దాన్ని తీసుకుని, వెంట రెండు ఫ్రిగేట్లతో (చిన్నవి, వేగంగా పోయే యుద్ధనౌకలు) 1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవు మీదకే వచ్చాడు. రేవులో ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ ‘సెంచూరియన్’ కెప్టెన్ ఆ సమయంలో ఒడ్డు మీద ఉన్నాడు. ఫిలిప్స్ అనే లెఫ్టినెంటు ఓడను నడిపించి గంటల తరబడి కాచుకున్నాడు. లిన్వా ‘ప్రిన్సెస్ షార్లెట్’ అనే వర్తక ఓడను పట్టుకుని వెళ్లిపోయాడు. ఏడాదిన్నర తిరిగేసరికి 1806 మార్చిలో అట్లాంటిక్‌లో మరెంగో కూడా బ్రిటిష్ వాళ్లకు దొరికిపోయింది. దానికి ఇంగ్లండులో దక్కిన ఉద్యోగం యుద్ధఖైదీల జైలు. 1816లో విరగ్గొట్టేశారు. ఒకే డ్రాయింగు మీద కట్టిన రెండు ఓడలు, రెండూ పట్టుబడ్డవే. ఒకటి పట్టుబడ్డాక పదేళ్లు ఉంది, రెండోది 144 ఏళ్లు ఉంది. తేడా డిజైన్‌లో లేదని ఇక్కడే అర్థమైపోతుంది.

చిక్కిన తీరు

డ్యుగే-త్రువాఁ అంతకుముందు రెండు సార్లు తప్పించుకుంది. 1803లో కరీబియన్‌లోని సాన్-డొమింగ్ (ఇప్పటి హైతీ) రేవును బ్రిటిష్ వాళ్లు దిగ్బంధం చేస్తే అందులోంచి బయటపడింది. ఆ ఏడే స్పెయిన్ తీరంలో బ్రిటిష్ ఓడ ‘కల్లోడెన్’ తరుముతుంటే కొరున్యా రేవులోకి దూరి బతికిపోయింది. 1805 అక్టోబరు 21న, బ్రిటిష్ దళం ఫ్రెంచి-స్పానిష్ దళాన్ని ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధంలో, అది రియర్ అడ్మిరల్ డ్యుమన్వార్ దళంలో, వరసకి ముందు భాగాన ఉంది. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ వరస మధ్యన విరుచుకుపడటంతో ముందున్న ఓడలు వెనక్కి తిరిగేసరికే యుద్ధం దాదాపు తేలిపోయింది. ఫార్మిదాబ్ల్, సిపియోఁ, మోఁ-బ్లాఁ, డ్యుగే-త్రువాఁ, ఈ నాలుగూ ఉత్తరం దారి పట్టాయి.

రెండు వారాలకు, నవంబరు 4న, స్పెయిన్ వాయవ్య మూలలో ఓర్తెగల్ అగ్రం దగ్గర సర్ రిచర్డ్ స్ట్రాచన్ నడిపే బ్రిటిష్ దళం వాటిని పట్టుకుంది. పెద్ద ఓడలు రెండు పక్కలా నాలుగేసి. కానీ స్ట్రాచన్ దగ్గర నాలుగు ఫ్రిగేట్లు అదనంగా ఉన్నాయి. అవి వెనకనుంచి కుక్కల్లా వెంటబడి ఫ్రెంచి ఓడల వేగం తగ్గించాయి. ఆ ఫ్రిగేట్లలో ఒకటి ‘రెవొల్యూషనేర్’, 1794లో ఫ్రాన్స్ నుంచి పట్టుకున్నదే. డ్యుమన్వార్ ఎక్కిన ఫార్మిదాబ్ల్ ట్రఫాల్గర్ దెబ్బలకు నీళ్లు కారుతూ, బరువు తగ్గించుకోవడానికి కొన్ని ఫిరంగులు సముద్రంలో పారేసుకుని మరీ వచ్చింది. నాలుగూ జెండాలు దించి లొంగిపోయాయి. డ్యుగే-త్రువాఁ కెప్టెన్ టుఫే ఆ పోరులో చనిపోయాడు.

ట్రఫాల్గర్‌లో పట్టుబడ్డ ఓడల్లో చాలావరకు ఆ తర్వాతి తుఫానులో పోయాయి. ఇంగ్లండు చేతికి మిగిలినవి నాలుగే, వాటిలోనూ ‘స్విఫ్ట్‌షూర్’ 1801లో ఫ్రాన్స్ లాక్కున్న బ్రిటిష్ ఓడే. అంటే పోగొట్టుకున్న సొంత సొత్తు తిరిగొచ్చిందన్నమాట. అందుకే ఓర్తెగల్ దగ్గర దొరికిన నాలుగు ఓడలంటే లండన్‌లో అంత సంబరం.

పట్టుకోవడం ఒకరోజు, లెక్క తేల్చడం ఏళ్లు

నా వృత్తికి దగ్గరైన భాగం ఇదే, కథలు చెప్పేవాళ్లు దాటేసే భాగం కూడా ఇదే.

జెండా దించగానే ఓడ పట్టుకున్నవాళ్ల సొంతమైపోదు. ముందు కొద్దిమంది నావికులను ఎక్కించి రేవుకి తేవాలి. తెరచాప కొయ్యలు విరిగి, పక్కల్లో కన్నాలు పడి, లోపల వందల మంది ఖైదీలు, గాయపడ్డవాళ్లు. నవంబరు నెలలో బిస్కే అఖాతం దాటాలి. అసలు యుద్ధం కంటే ఆ ప్రయాణమే పెద్ద టెన్షన్ అని నా అనుమానం. ప్లిమత్ చేరాక కోర్టు. నౌకా వ్యవహారాల కోర్టు ఆ ఓడ చట్టబద్ధంగా పట్టుకున్న శత్రువు ఆస్తి అని తీర్పివ్వాలి. తర్వాత డాక్‌యార్డు అధికారులు దాన్ని తనిఖీ చేసి ఓడ శరీరానికి (హల్) ఇంత, కొయ్యలకి ఇంత, తాళ్లూ లంగర్లకి ఇంత అని ధర కడతారు. ఆ ధర పెట్టి నేవీ బోర్డు కొంటుంది. డబ్బు పట్టుకున్నవాళ్లకు పంచుతారు.

పంపకం 8 వాటాల్లో. 1805 నాటి రూలు ప్రకారం 3 వాటాలు కెప్టెన్‌వి, అతని మీద అడ్మిరల్ ఉంటే అందులో ఒకటి ఆయనకి పోతుంది. లెఫ్టినెంట్లు, వాళ్ల స్థాయి వాళ్లందరికీ కలిపి ఒకటి, ఆ కింది రెండు వర్గాలకు చెరొకటి. ఫిరంగి లాగిన వందల మంది మామూలు నావికులకు కలిపి 2 వాటాలు. 1808లో ఈ లెక్క మార్చి కింది వాళ్లకు సగం ఇచ్చారు, కెప్టెన్‌కి 2 చేశారు. ఇది కాక శత్రు ఓడలో యుద్ధం మొదలైనప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్కేసి తలకు 5 పౌండ్లు వేరే ఉండేది. పోరు జరిగేటప్పుడు కనుచూపు మేరలో ఉన్న సొంత ఓడలు కూడా వాటాకి వచ్చేవి.

అసలు తనిఖీలో ఏం చూసేవాళ్లు? మేం ఇవాళ ప్లేటు మందం మీటరుతో కొలుస్తాం. వాళ్లు సుత్తితో కొట్టి మోత వినేవాళ్లు, అనుమానం వస్తే బరమాతో చిన్న రంధ్రం వేసి పొట్టు చూసేవాళ్లు. పొట్టు పొడిగా, గట్టిగా వస్తే మంచి కర్ర. నల్లగా, తడిగా వస్తే కుళ్లు. ఆ తర్వాత బోల్టులు. ఓక్ కర్రలో ఉండే ఆమ్లం ఇనుప బోల్టుని తినేస్తుంది. దానికి తోడు అడుగున పురుగు పట్టకుండా కొట్టిన రాగి రేకుల వల్ల, ఉప్పునీళ్లలో ఆ రాగి పక్కన ఇనుము ఇంకా తొందరగా పోతుంది. బయటికి బోల్టు తల నిక్షేపంగా కనిపిస్తుంది, లాగితే మధ్యలో సూదిలా సన్నబడి ఉంటుంది. బ్రిటిష్ వాళ్లు ఈ పాఠం 1780ల్లో ఓడలు పోగొట్టుకుని నేర్చుకుని, నీటిమట్టం కింద రాగి మిశ్రమం బోల్టులకు మారారు.

ఇంకోటి కీల్ వంపు. కీల్ అంటే ఓడ అడుగున ముందునుంచి వెనక దాకా ఉండే వెన్నెముక లాంటి దూలం. చెక్క ఓడకు మధ్యభాగం లావు, కొసలు సన్నం. నీళ్లు మధ్యన ఎక్కువగా పైకి నెడతాయి, కొసలు తమ బరువుకి కిందికి జారతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కీల్ విల్లులా వంగుతుంది. పొడుగ్గా, సన్నగా, తేలిక ఫ్రేములతో కట్టే ఫ్రెంచి ఓడల్లో ఇది ఎక్కువ. అవి గాలికి బాగా పరుగెడతాయి. బ్రిటిష్ కెప్టెన్లు వాటికోసం పోటీపడేవాళ్లు. కానీ డాక్‌యార్డు వాళ్లకి తలనొప్పి. ఫ్రెంచి ఓడలు ఎక్కువకాలం రేవుల్లో ఉండి అప్పుడప్పుడూ బయటికి వచ్చేవి. బ్రిటిష్ ఓడలు శత్రు రేవుల ముందు నెలల తరబడి, చలికాలం తుఫానుల్లో కూడా కాపలా కాయాలి. అంతకాలానికి సరిపడా నీళ్లు, ఉప్పుమాంసం పెట్టుకునే చోటు లోపల ఉండాలి. కాబట్టి పట్టుబడ్డ ఓడని ఉన్నదున్నట్టు వాడుకోవడం కుదరదు. లోపల అరలు మార్చాలి, బిగింపులు పెంచాలి.

ఫిరంగుల సంగతి మరీ చిత్రం. ఫ్రెంచి ఓడ కింది అంతస్తులో 36 లివ్ర్‌ల ఫిరంగులు ఉండేవి. ఫ్రెంచి లివ్ర్ ఇంగ్లీషు పౌండు కంటే బరువు, అందుకని ఆ గుండు సుమారు 17.6 కిలోలు. బ్రిటిష్ గిడ్డంగుల్లో ఉన్నది 32 పౌండ్ల గుండు, 14.5 కిలోలు. ఆ గుళ్లు ఈ గొట్టాల్లో వదులుగా ఆడతాయి. మొత్తం ఫిరంగులు దించేసి తమవి ఎక్కించుకోవాల్సిందే. ఓడ మీద ఇంత ఖర్చు పెట్టాలా వద్దా అనే నిర్ణయం ఇక్కడ జరుగుతుంది.

ఒకేరోజు చిక్కిన ఆ నాలుగు ఓడల గతి చూడండి. ఫార్మిదాబ్ల్‌కి ‘బ్రేవ్’ అని పేరు పెట్టారు, అది ఖైదీల ఓడగా, ఆ తర్వాత మందుగుండు గిడ్డంగిగా బతుకీడ్చి 1816లో విరిగింది. మోఁ-బ్లాఁ కూడా మందుగుండు దాచుకునే డబ్బా అయి 1819లో అమ్ముడుపోయింది. సిపియోఁ మాత్రం సముద్రం మీదకు వెళ్లి, 1811లో జావా దండయాత్రలో అడ్మిరల్ ఎక్కే జెండా ఓడ స్థాయికి ఎదిగి, 1819లో విరిగింది. డ్యుగే-త్రువాఁ ఇంప్లాకబుల్ అయింది. యుద్ధకాలంలో డాక్‌యార్డులో చోటు, ఓక్ కర్ర, వడ్రంగుల సమయం అన్నీ కరువే. నాలుగింటినీ బాగుచేసే స్తోమత లేనప్పుడు ఎంచుకోవాలి. నాలుగూ మా డాక్‌లో ఉన్నా నేనూ అదే చేసేవాణ్ని.

బాల్టిక్

1808లో ఇంప్లాకబుల్ కెప్టెన్ థామస్ బయమ్ మార్టిన్ చేతికింద బాల్టిక్ సముద్రంలో ఉంది. రష్యా అప్పుడు నెపోలియన్ పక్షం, స్వీడన్ బ్రిటన్ పక్షం. ఆగస్టు 26న రష్యా దళం వెనక్కి పోతుంటే ఇంప్లాకబుల్, ‘సెంటార్’ రెండే స్వీడన్ ఓడలను ఎంతో వెనక వదిలేసి ముందుకు దూసుకెళ్లాయి. వరసలో వెనకబడ్డ 74 ఫిరంగుల ‘వ్సెవొలోద్’ని ఇంప్లాకబుల్ పట్టుకుని అతి దగ్గర నుంచి కొట్టింది. ఇటు చనిపోయినవాళ్లు 6 మంది, అటు 48 మంది. మిగతా రష్యన్ ఓడలు తిరిగి రావడంతో వదలాల్సి వచ్చింది. తర్వాత వ్సెవొలోద్ రేవు ముందు నేల తగిలి ఆగిపోతే సెంటార్ వాళ్లు ఎక్కి పట్టుకున్నారు. లాగుదామంటే కదల్లేదు. తగలబెట్టేశారు.

పట్టుబడ్డ ఓడ తన కొత్త యజమాని కోసం ఇంకో ఓడను కొట్టి, ఆ ఓడ మాత్రం ఎవరికీ దక్కకుండా కాలిపోయింది. పట్టుకున్న ప్రతి ఓడా ఆస్తి కాదు. లాగగలిగితేనే ఆస్తి.

మరుసటి ఏడు జూలైలో ఫిన్లండ్ తీరంలో ఇంప్లాకబుల్, మరో మూడు ఓడల పడవలు కలిసి రాత్రిపూట రష్యా ఫిరంగి పడవల మీద దాడి చేశాయి. 8 పడవల్లో 6 పట్టుకున్నారు, ఒకటి ముంచారు. వాళ్ల కాపలాలో ఉన్న సరుకు పడవలు 12 చిక్కాయి. దాడి నడిపిన ఇంప్లాకబుల్ లెఫ్టినెంట్ హాకీ అందులో పోయాడు. వెంట వచ్చిన ‘మెల్పొమిన్’ కూడా 1794లో పట్టుబడ్డ ఫ్రెంచి ఫ్రిగేటే. ఆ రోజుల్లో బ్రిటిష్ దళంలో ఎవరి ఓడ ఎవరు కట్టారని అడగడం మొదలుపెడితే సమాధానాలు ఇలాగే ఉంటాయి. ట్రఫాల్గర్‌లో నెల్సన్ పక్షాన పోరాడిన బెల్లీల్, టొనాఁ, స్పార్షియేట్ మూడూ ఫ్రెంచి రేవుల్లో పుట్టినవే.

బయమ్ మార్టిన్ తర్వాత 1816 నుంచి 1831 దాకా నేవీ బోర్డు అధిపతిగా, అంటే ఓడల కొనుగోళ్లూ రిపేర్లూ చూసే కుర్చీలో కూర్చున్నాడు. ఫ్రెంచి కట్టుబడి మంచీ చెడూ డెక్ మీద నిలబడి చూసిన మనిషి అక్కడికి రావడం నాకు నచ్చే సంగతి.

రేవులో గడిచిన కాలం

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఓడ ప్లిమత్‌లో చాలాకాలం ఖాళీగా కట్టేసి ఉంది. 1840లో సిరియా తీరంలో ఈజిప్టు సేనల మీద జరిగిన దాడుల్లో పాల్గొంది. 1842లో తిరిగొచ్చాక యుద్ధం అయిపోయింది దానికి. 1855 నుంచి డెవన్‌పోర్టులో కుర్రాళ్లకు నావికుల పని నేర్పే బడి. ఆవిరి ఓడలు, ఇనుప ఓడలు, ఉక్కు యుద్ధనౌకలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పాతబడిపోతుంటే ఇది అక్కడే కట్టేసి ఉంది. 74 ఫిరంగుల ఓడ అంటే పెద్ద హాస్టలు కదా, అంతమంది పిల్లలకు ఒడ్డుమీద బిల్డింగు కట్టడం కంటే ఇదే చవక.

1908లో అమ్మకానికి పెట్టారు. రాజు ఏడవ ఎడ్వర్డ్ కల్పించుకోవడంతో ఆగింది. 1912లో జాఫ్రీ వీట్లీ కాబ్ అనే ధనవంతుడికి అప్పగించారు. ఆయన ఫాల్‌మత్ రేవులో కుర్రాళ్ల శిక్షణకు ‘ఫుడ్రోయెంట్’ అనే ఓడ నడుపుతున్నాడు. దాని అసలు పేరు ‘ట్రింకోమలి’, 1817లో బొంబాయి వాడియాలు టేకుతో కట్టిన ఫ్రిగేట్. 1920ల్లో చందాలు పోగుచేసి ఇంప్లాకబుల్‌కి కొంత మరమ్మతు చేశారు. 1931లో కాబ్ పోయాడు. 1932లో ఓడను పోర్ట్స్‌మత్‌కి తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ నౌకాదళం శిక్షణకు తీసుకుంది.

ఈ వందేళ్లలో ఎవరూ తప్పు చేశారని నేను అనను. కానీ ప్రతివాళ్లూ తమకు కావాల్సినంతవరకే బాగుచేసుకున్నారు. పైన డెక్ కారకుండా, పిల్లలు కింద పడకుండా. కీల్, అడుగు ఫ్రేములు, బోల్టులు చూడాలంటే నీళ్లు తోడేసిన డ్రై డాక్‌లో పెట్టి పలకలు విప్పాలి. ఆ ఖర్చు ఎప్పుడూ తర్వాతి వాళ్ల ఖాతాలోకే వెళ్లింది. పక్కనే, అదే పోర్ట్స్‌మత్‌లో, నెల్సన్ ఓడ ‘విక్టరీ’ని 1922లో శాశ్వతంగా డ్రై డాక్‌లోకి ఎక్కించారు. విక్టరీ కూడా అప్పటికి కుళ్లిన ఓడే. నీళ్లలోంచి తీశారు, అంతే తేడా.

చివరి లెక్క

యుద్ధం ముగిసేసరికి ఓడ దీనస్థితిలో ఉంది. లండన్ నగరమే సగం కూలిపోయి, కర్రకీ ఉక్కుకీ రేషన్ ఉన్న రోజులవి. బాగుచేయడానికి ఖజానా ఒప్పుకోలేదు. 1947లో ఫ్రాన్స్‌కి తిరిగిస్తామన్నారు. వాళ్ల రేవులు అప్పటికే బాంబుల దెబ్బలకు నేలమట్టమై ఉన్నాయి. వద్దన్నారు.

1949 డిసెంబరు 2న దాన్ని పోర్ట్స్‌మత్ నుంచి లాక్కెళ్లి వైట్ దీవి అవతల ఇంగ్లీష్ ఛానల్‌లో పేల్చారు. బ్రిటిష్ జెండా, ఫ్రెంచి జెండా పక్కపక్కనే ఎగరేశారు. మందు పేలి అడుగు ఊడిపోయింది. కానీ ఓడ వెంటనే మునగలేదు. మూడు గంటలకు పైగా తేలుతూనే ఉంది. దీన్ని ఓడ పౌరుషంగా రాసుకున్నవాళ్లు ఉన్నారు. సర్వేయరుకి అందులో ఆశ్చర్యం లేదు. చెక్క ఓడను నీళ్లలోకి లోతుగా కూర్చోబెట్టేది అడుగున పేర్చిన ఇనుప బ్యాలస్ట్. పేలుడుకి అడుగుతో పాటు ఆ ఇనుమే ముందు జారిపోయింది. మిగిలింది నీటికంటే తేలికైన కర్ర. మునగడానికి కారణమే పోయింది.

పేల్చకముందు వెనక భాగపు చెక్కడాలు విప్పి గ్రీనిచ్ మ్యూజియంకి, లంగరు తాడు చుట్టే క్యాప్‌స్టన్ రోష్‌ఫోర్‌కి పంపారు. జనంలో వచ్చిన బాధ ఊరికే పోలేదు. గ్రీనిచ్ మ్యూజియం డైరెక్టరు ఫ్రాంక్ కార్ ఆ తర్వాత ‘కటీ సార్క్’ అనే పాత తెరచాప ఓడను కాపాడే పనికి పూనుకుని, 1954లో దాన్ని డ్రై డాక్‌లో పెట్టించాడు. పాత ఓడల్ని కాపాడటానికి 1979లో పుట్టిన వరల్డ్ షిప్ ట్రస్ట్ తన నినాదంలోనే ఇంప్లాకబుల్ పేరు పెట్టుకుంది.

దాని పక్కనే ఏళ్ల తరబడి ఉన్న ట్రింకోమలి మాత్రం 1987లో హార్టిల్‌పూల్ చేరి, 2001 నాటికి పూర్తిగా బాగుపడి, ఇవాళ్టికీ నీళ్లలోనే ఉంది. టేకులో ఉండే నూనె ఇనుముని ఓక్‌లా తినదు, పురుగుని అంతగా రానివ్వదు. పైగా అది ఫ్రిగేట్, సైజులో చాలా చిన్నది, కాబట్టి బిల్లూ చిన్నదే. రెండింట్లో ఒకదాన్నే దక్కించుకునే డబ్బు ఉందనుకుంటే, 1947లో ఆ రిపోర్టు నా చేతికి వచ్చినా ట్రింకోమలి పేరే రాసేవాణ్ని. ఇంప్లాకబుల్‌కి మాత్రం రెండు పనులు అడిగేవాణ్ని: పేల్చేముందు డ్రై డాక్‌లో ఓ నెల పెట్టి ప్రతి ఫ్రేమూ, ప్రతి బోల్టూ కొలిచి డ్రాయింగులు గీయడం, ఒక్క వెనక చెక్కడమే కాక మధ్యభాగం నుంచి కీల్‌తో సహా ఒక ముక్క అడ్డంగా కోసి ఒడ్డున పెట్టడం. అందంగా ఉన్న భాగాన్ని దాచారు. సానే పనితనం మాత్రం నీటిమట్టం కింద ఉంది.